అత్త జట్టులో ఆ పేరు లేదు

మా మేనత్త పోయింది. మొన్న మంగళవారం పొద్దున సాల్ట్ లేక్‌లో ఆఫీసు బస్సు దిగుతుండగా నాన్న ఫోను చేశాడు. "మీ అత్త టీ అడిగిందే. నేనట్టుకొచ్చీసరికి లేదు" అన్నాడు. 

నేను హౌరా పక్కనున్న లిలువాలో మా ఇంటికి చేరేసరికి నిండా జనం. వచ్చినవాళ్లంతా ఒకటే మాట: పాపం మంచి మనిషి, ఎవరి జోలికీ వెళ్లేది కాదు. ఆ మాట నేనొప్పుకోను. మా అత్త అందరి జోలికీ వెళ్లేది. ముఖ్యంగా దేశానికి క్రికెట్ జట్టును ఎంపిక చేసే పెద్దమనుషుల జోలికి. పోయినవాళ్లను మెత్తగా చేసి చెప్పుకోవడం మన అలవాటు కాబట్టి, మెత్తగా లేని ఆ మనిషిని ఉన్నదున్నట్టు రాసిపెడుతున్నాను.

తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చాడు. అత్త ఇక్కడే పుట్టింది, ఇక్కడే రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరైంది. పెళ్లి చేసుకోలేదు. ఆమె పేరున వచ్చిన క్వార్టర్లోనే మేమంతా ఉండేవాళ్లం. మ్యాచ్ జరిగే రోజుల్లో ఖరగ్‌పూర్ ఆపరేటరునూ వాల్తేరు ఆపరేటరునూ ముందు స్కోరు అడిగి, ఆ తర్వాతే అసలు పని మాట్లాడేదట. పర్యటనకు జట్టును ప్రకటించే ముందురోజు తన పదిహేనుమందినీ పాత ఫారం వెనక పెద్దక్షరాలతో ఇంగ్లీషులో రాసి, గంజితో వీధి తలుపుకు అంటించేది. వర్క్‌షాపుకు వెళ్లేవాళ్లు సైకిళ్లు ఆపి మరీ చదివేవారు. చదివి తిట్టేవారు. అత్తకు అదే కావాలి.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆట చూడ్డం నేర్పింది. "పరుగులు పేపరోడు లెక్కెడతాడే. నువ్వు కాలు సూడు. బంతి దగ్గరకెళ్తందా, ఎనక్కి జారతందా" అనేది. ఆస్ట్రేలియా వాళ్లంటే ఆమెకు కోపమూ గౌరవమూ రెండూ ఉండేవి. ఎంత పేరున్నవాణ్ణయినా పరుగులు రాకపోతే ఇంటికి పంపుతారని గౌరవం, గెలిచాక ఆ వాగుడేమిటని కోపం. వెస్టిండీస్ ఓడిపోతుంటే రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయేది. మనవాళ్ల గురించి మాత్రం ఒక్కటే ఫిర్యాదు: "మనోళ్లు ఆటని సూసి తియ్యరు, మొకం సూసి తీస్తారు."

తప్పు చేయలేదా? చేసింది. పనైపోయిందని తీసిపారేసిన ఒక బ్యాట్స్‌మన్ ఆ తర్వాత రెండు టెస్టులు ఒంటిచేత్తో నిలబెట్టాడు. అత్త పాత కాగితం మీద ఎర్ర పెన్సిలుతో "నాది తప్పు" అని రాసి అదే తలుపుకు మళ్లీ అంటించింది. అలా రాసిన సెలెక్టరు ఒక్కడు చూపించండి.

ఇక ఒక ఆఫ్ స్పిన్నర్ సంగతి. అతను ఈ ఊరివాడు. భారత జట్టులో ఈ ఊరివాడు ఒకడున్నాడంటే ఇక్కడ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఒక సీజనంతా అతనికి వికెట్లు లేవు. అతన్ని తీసేస్తారని పుకారు పుట్టగానే ఊరు భగ్గుమంది. చౌరస్తాల్లో దిష్టిబొమ్మలు, "చొల్బే నా! చొల్బే నా!" అని, సాగనివ్వమని అరుస్తూ ఊరేగింపులు. మా వీధి క్లబ్బు సెక్రెటరీ సంతకాల కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. అత్త సంతకం పెట్టలేదు. మర్నాడు తలుపు మీద ఆమె జట్టు కనబడింది. అందులో ఆఫ్ స్పిన్నర్ పేరు లేదు.

సాయంత్రానికి సెక్రెటరీ పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. అత్తను అందరూ బెంగాలీలో మాషీమా, అంటే పిన్నిగారూ, అనే పిలిచేవారు.

"మాషీమా, ఆ కాగితం చింపెయ్యండి. మీరు మద్రాసీలు. మా వాడి మీద మీకు ప్రేమెందుకుంటుంది?"

అత్త గడప దాటి బయటికొచ్చింది. బెంగాలీలోనే జవాబిచ్చింది. "మీ నాన్న బర్దమాన్ నుంచి వచ్చి ఈ వీధిలో దిగేటప్పటికి నేను ఇక్కడ ఆరో క్లాసు చదువుతున్నాను. మీ వాడేమిటి, మావాడు కూడా. కొడతారన్న భయంతో మావాడు బంతిని గాల్లోకి ఎగరెయ్యడం మానేశాడు. బల్లపరుపుగా విసురుతున్నాడు. నువ్వు చూడలేదూ?"

సెక్రెటరీ చూశాడు. ఆ సంగతి అతని మొహంలోనే తెలిసింది. కానీ వెనక పదిమంది ఉన్నారు.

ఆ వారమంతా వీధి కుళాయి దగ్గర అమ్మతో ఎవరూ మాట్లాడలేదు. ముందుగది కిటికీ అద్దం ఎవరో రాయి పెట్టి పగలగొట్టారు. నాన్న బతిమాలాడు. "అక్కా, తీసీయే. ఈలమజ్జినే బతకాల గదా మనం."

"ఆ ముక్క సెప్పే అయ్య మనల్ని పెంచినాడేటి?" అంది అత్త. "అబద్ధమాడి బతకాలంటే నానెక్కడైనా బతకగల్ను. ఇది నా ఊరు. ఇక్కడ నాకు నచ్చింది సెప్తాను."

కాగితం తియ్యలేదు. అద్దం ముక్కలు తనే ఊడ్చింది.

ఏడాదిన్నర గడిచింది. ఊరికి కొత్త ముద్దుబిడ్డ దొరికాడు. సెలెక్టర్లు తీసేసిన ఆఫ్ స్పిన్నర్‌ను అందరూ మరిచిపోయారు. అతను రాష్ట్ర జట్టుకు ఆడుతున్నాడని, వికెట్లు తీస్తున్నాడని పేపర్లో మూల చిన్న వార్త వచ్చేది. అత్త సెలవు పెట్టి, నన్ను ఆ రోజుకు కాలేజీ మాన్పించి, లోకల్ ట్రైనులో హౌరా దాకా, అక్కణ్ణుంచి బస్సులో పెద్ద మైదానానికి తీసుకెళ్లింది. అంత పెద్ద స్టేడియంలో మేమూ, కొందరు పెన్షనర్లూ. అతను జుట్టు పలచబడి, బొద్దుగా ఉన్నాడు. కానీ బంతి గాల్లోకి లేచి, ఇంకా రాదేమిటా అని బ్యాట్స్‌మన్ ముందుకొచ్చాక, అప్పుడు దిగుతోంది. సిక్సరు కొడితే తర్వాతి బంతి ఇంకా పైకి ఎగరేశాడు. అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "సూసినావేటే? భయం పోయింది" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూడ్డం నాకదే మొదటిసారి.

మర్నాడు అతని పేరు జట్టులో చేర్చింది. సెలెక్టర్లకు ఉత్తరం రాసి, తనే సంతకాలకు బయలుదేరింది. మొదట క్లబ్బుకే వెళ్లింది.

"ఇప్పుడెవరు పట్టించుకుంటారు మాషీమా? వయసైపోయింది" అని నవ్వాడు సెక్రెటరీ.

"మీ ఊరివాడని అప్పుడు నువ్వడిగావు. మంచి బౌలరని ఇప్పుడు నేనడుగుతున్నాను. సంతకం పెట్టు."

అతను నవ్వడం ఆపి పెట్టాడు. మొత్తం పదిహేడు సంతకాలు దొరికాయి. ఉత్తరానికి జవాబు రాలేదు. అతన్ని మళ్లీ ఎప్పుడూ తీసుకోలేదు కూడా. అత్త మాత్రం ఆ తర్వాత మూడు పర్యటనల దాకా తన జట్టులోంచి అతన్ని తియ్యలేదు. వాళ్లు ఎలాగూ తీసుకోరు, ఇక నా కాగితం మీంచి నేనెందుకు తియ్యాలి అనిపిస్తోందా మీకు? ఆమెకు అనిపించలేదు. అతని వికెట్లు ఆగిన సీజనులో తనే తీసేసింది.

"ఆడోళ్లకి ఈ గొడవలెందుకు" అని ఆమె వెనక అన్నవాళ్లు మొన్న కూడా వచ్చారు, మంచి మనిషి అన్నారు. నేను తల ఊపలేదు.

బుధవారం పొద్దున చర్చి శ్మశానానికి తీసుకెళ్లాం. చినుకులు పడుతున్నాయి. పెట్టెను మోసినవాళ్లలో క్లబ్బు సెక్రెటరీ ఉన్నాడు, అతని తల ఇప్పుడు పూర్తిగా నెరిసింది. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరం గుప్పెడు మట్టి వేస్తున్నాం. అతని వంతు వచ్చింది. పక్కనున్న మా పొరుగాయన మెల్లగా, "ఇప్పుడున్న స్పిన్నర్ని ఆమె ఉంచేదా?" అన్నాడు. ఉంచదని సెక్రెటరీ బెంగాలీలో, ఉంచుతుందని ఆయన తెలుగులో, ఇద్దరి గొంతులూ లేచాయి. పాస్టరు గారు కళ్లు పెద్దవి చేశారు. "వాళ్లని ఆపకండి అయ్యగారూ" అన్నాను.

తడిమట్టి ఉండను చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించుకుని, మణికట్టు తిప్పుతూ, బంతి చేతిలోంచి ఎలా వెళ్లాలో సెక్రెటరీ చూపిస్తున్నాడు. దాన్ని గోతిలో వెయ్యాలన్న సంగతే మరిచిపోయాడు.