గుమాస్తా ఎండబెట్టమన్న ఆకుమడి

మంగళవారం. ఎండ మండుతోంది. పొద్దున మేడ మీది నీళ్లతొట్టి కడిగి నింపాను. కడిగిన నీళ్లు పారుతుంటే పాత సంగతొకటి గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు... బనగానపల్లె దగ్గర నవాబుల కాలంనాటి తోట ఒకటి ఉండేది. చుట్టూ మామిడి, మధ్యలో బావి, బావి పక్కన ఆకుమడి. పుదీనా, మరువం, వామాకు, తులసి... చుట్టుపక్కల ఏ బిడ్డకు దగ్గొచ్చినా, కడుపు నొచ్చినా ఆకు అక్కడినుంచే. ఆ మడి చూసుకునే కూలిమనిషి మా జేజి, మా నాయన తల్లి.

ఒక ఏడు వానల్లేవు. బావి అడుగంటింది. ఎద్దులు కట్టి కపిల తోలి తోడిన నీళ్లన్నీ మామిడికేనని తోట గుమాస్తా హుకుం చేశాడు. ఆకుమడి కాలువకు మట్టి కొట్టించాడు.

జేజి మడి తలాపున ఒక బండ వేసింది. పని దిగాక కూలీలందరినీ ఆ బండ మీదే కాళ్లూ చేతులూ కడుక్కోమంది. ఆ నీళ్లు మడిలోకి పారేవి. నేనూ రోజూ కడిగేవాణ్ణి... మురికి లేకపోయినా.

గుమాస్తా చూశాడు.

"ఏమ్మే, మడికి నీళ్లు పెట్టొద్దంటే ఇనపళ్లేదా?"

"నీళ్లు యాడ పెట్నా? కాళ్లు కడుక్కుంటాండా. ఈ మురికి నీ మామిడికి కావాలంటే ఎత్తకపో నాయనా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకే ఆయనకు కాలింది.

"రేపట్నుంచి నీకు ఈడ పని లేదు, పో!"

మరునాడు జేజి ఇంటినుంచి కడవ నీళ్లు చంకనెత్తుకొని పోయింది. "కూలి అడిగితినా? కాళ్లు కడుక్కోని పోతా" అని బండ మీద నిలబడింది. కూలీలు మాత్రం భయపడి ఆ పక్కకు రాలేదు. రెండు రోజులు ఆ ఒక్క కడవే... పుదీనా మాడిపోయింది.

మూడోనాడు మధ్యాహ్నం నమాజు వేళకు, కపిల తోలే ఖాసిం తాత ఎద్దుల్ని ఆపి, చెంబుతో నేరుగా బండ దగ్గరికి వచ్చాడు. గుమాస్తా ఎదురుగానే వజూకు కూర్చున్నాడు. ముఖం, చేతులు, కాళ్లు... ఒక్కొక్కటే నిదానంగా కడిగాడు.

"ఏమప్పా ఖాసిం, నువ్వు గూడానా?"

"వజూ నీళ్లు ఊరికే నలుగురు తొక్కే చోట పోయేదానికన్నా ఆకుకు పోతే మేలు గదా సామీ. వద్దంటారా? చెప్పండి, ఇప్పుడే ఎద్దుల్ని ఇప్పేస్తా."

ఖాసిం తాత పోతే కపిల తోలేవాడు లేడు. గుమాస్తా తల తిప్పుకొని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం కూలీలంతా బండ దగ్గర వరసకట్టారు...

వామాకు, తులసి నిలిచాయి. జేజికి పని తిరిగి ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

ఇప్పుడు వీధికొక మందుల అంగడి ఉంది. నలుగురి ఆకు కోసం కూలి పోగొట్టుకునే మొండిమనిషే కనపడటం లేదు... అట్లాంటి ముసలమ్మలు మీ ఇళ్లలో ఉండి ఉంటే రాయండి, చదువుతాను. మా జేజిని "పాపం" అన్నవాళ్లకు మాత్రం జవాబు ఇవ్వను.