తడి దుప్పట్లో అక్క నాడి

దయ్యాలు ఉన్నాయా అని నన్ను అడిగేవాళ్లకు నా దగ్గర ఒకటే జవాబు. గాలి సోకిందని, పూనిందని ఆసుపత్రిలో తెచ్చి వదిలిన రోగులను వందలమందిని చూశాను. వాళ్లకు ముద్దలు కలిపి పెట్టాను, తలలు దువ్వాను, గోళ్లు కత్తిరించాను. సగంమంది జ్వరం దిగగానే గంజి అడిగారు. మిగతావాళ్లు జబ్బుమనుషులు. దయ్యం మాత్రం ఒక్కటీ నా కంటపడలేదు. నాకు చిన్నప్పటినుంచీ భయం తక్కువ, కోపం ఎక్కువ.

కాబట్టి ఇది దయ్యం కథ అని నేను చెప్పను. ఏమిటో నాకే తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కోవిల్‌పట్టికి తూర్పున, విళాత్తికుళం పోయే దారిలో ఒక రేగడి పల్లె. వాన పడితే పత్తి, మిరప. లేకపోతే ఏమీ లేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తమిళాన్ని మేము అరవమనే అంటాము. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన పద్ధతి కాదు. మనవాళ్లతో తెలుగు, పరాయివాళ్లతో అరవం, అంతే. వాకిట్లోకి వచ్చిన మనిషి మనవాడో కాదో నాన్న పలకరింపు వింటే లోపల పొయ్యి దగ్గరున్న మాకు తెలిసిపోయేది.

గురువమ్మ మా అక్క. నాకంటే ఆరేళ్లు పెద్దది. అమ్మ తొందరగా పోతే నన్ను పెంచింది తనే. నాకు పదిహేడో ఏట భర్త పోయినప్పుడు ఒక మూల కూర్చోబెట్టాలని చూశారు అందరూ. కోవిల్‌పట్టి మిషన్ దొరసాని నన్ను నర్సు పనికి పంపమని అడిగితే నాన్న కొట్టడానికి లేచాడు. అప్పుడు అక్క అడ్డం నిలబడింది. ఇది బతకాలా వద్దా అని ఇంటిల్లిపాదినీ నిలదీసింది. రైలెక్కించడానికి స్టేషన్ దాకా నాతో నడిచి వచ్చింది కూడా తనొక్కతే. ఆమె లేకపోతే నేను లేను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తక్కువే.

మద్రాసు పిచ్చాసుపత్రిలో పని నేర్చుకున్నాను. మాకు ముందు అక్కడ పనిచేసినవాళ్లను నర్సులనేవారు కాదు. వాళ్లు కాపలావాళ్లు. నడుముకు తాళంచెవుల గుత్తి, చేతిలో కర్ర. ఆసుపత్రి అని బోర్డు మార్చినా చాలామంది ఆ కర్ర వదల్లేదు. మాకు పాఠం చెప్పిన పెద్ద నర్సు మాత్రం ఒకటే మాట అనేది. మందు డాక్టరుది, పక్కన కూర్చోవడం మనది. అదే నర్సు పని అని.

పంతొమ్మిదివందల ముప్పైల మొదట్లో నన్ను విరుదునగర్‌లో ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి వేశారు. వెనకవైపు పన్నెండు మంచాల ఆడవాళ్ల వార్డు. ఊరంతా మిరపకాయల మండీలు. గాలి తిరిగితే రోగులు, నర్సులు అందరం కలిసి తుమ్మేవాళ్లం. మందులంటే బ్రోమైడు నీళ్లు, నిద్రకు పారాల్డిహైడు. దాని కంపు ఉతికిన చీరను కూడా వదిలేది కాదు. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో గంటల తరబడి కూర్చోబెట్టేవాళ్లం. కాస్త కుదుటపడినవాళ్ల చేత పత్తిలో గింజలు తీయించేవాళ్లం, రాట్నం తిప్పించేవాళ్లం. నిజం చెప్పాలంటే మందులకంటే ఆ పత్తే ఎక్కువమందిని ఇళ్లకు పంపింది.

దేనికీ లొంగనివాళ్లకు తడి దుప్పటి. చన్నీళ్లలో ముంచి పిండిన దుప్పట్లను మనిషికి చేతులతో సహా బిగించి చుట్టి, పైన కంబళి కప్పేవాళ్లం. ముందు వణుకుతారు, తరువాత ఒంటి వేడికి దుప్పటి వెచ్చబడి నిద్రపోతారు. చేతులు లోపల ఉంటాయి కాబట్టి నాడి కణత దగ్గర చూడాలి. పావుగంటకొకసారి లెక్కపెట్టి చార్టులో రాయాలి. నర్సు అక్కడినుంచి లేవకూడదు. డాక్టరు చెప్పకుండా విప్పకూడదు.

నేను వెళ్లిన రెండో ఏడు బావ మా అక్కను రైలులో తీసుకొచ్చాడు. మూడో కాన్పు తరువాత అక్కకు మతి చెదిరింది. ఆడపిల్లను కని, ఇది నా బిడ్డ కాదు, మార్చేశారు అని పాలివ్వలేదు. ఇంట్లోవాళ్లు ఒక గుడికి తీసుకుపోయి నలభై రోజులు కాలికి గొలుసు వేయించారు. వేపమండలతో కొట్టించారు. చీలమండ దగ్గర ఆ గొలుసు పుండు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. బావను నాలుగు దులిపేదాన్నే, కానీ పక్కనే మేట్రన్ ఉంది.

ఆసుపత్రిలో ఒక నియమం ఉండేది. సొంతవాళ్లను నర్సు చూడకూడదు. మా అక్క అని తెలిస్తే నన్ను ముందువైపు కాన్పుల వార్డుకు మార్చేస్తారు. అక్కను ఆ ముక్కూముఖం తెలియనివాళ్ల చేతికి వదలడం నాకిష్టం లేకపోయింది. బావకు కనుసైగ చేశాను. ఆయన నోరు మూసుకున్నాడు.

అక్క మాత్రం నన్ను చూడగానే సిన్నీ అని పిలిచింది. అంత చెదిరిన మనిషి నన్ను గుర్తుపట్టింది. నేను అరవంలో, రండమ్మా, ఇక్కడ కూర్చోండి అన్నాను.

అక్క నా మొహం వంక అలాగే చూసింది. తెలుగులో ఇంకోసారి పిలిచింది. నేను మళ్లీ అరవంలోనే జవాబిచ్చాను. అంతే, తల తిప్పుకుంది.

ఆ రోజు మూసిన నోరు అక్క మళ్లీ తెరవలేదు. రెండు నెలలు. మాటలేదు, ఇది జబ్బు లక్షణం అని డాక్టరుగారు రాసుకున్నారు. ఆ లక్షణం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. నేను పరాయిదాన్నని మా ఇంటి పద్ధతిలో నేనే చెప్పాను కదా. చెవిలో ఒక్క తెలుగు మాట వేసి ఉండొచ్చని మీరంటారు. అనండి. పన్నెండు మంచాలు, తిరిగే ఆయాలు, ఎవరో ఒకరు ఉండనే ఉండేవారు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఉద్యోగం పోతుందనే భయమూ ఉంది, దాచను. చేతులారా చేసుకున్నాను.

ఆ వేసవిలో ఒకరోజు అక్క గోడకు తల బాదుకోవడం మొదలుపెట్టింది. పారాల్డిహైడు పనిచేయలేదు. మధ్యాహ్నం పన్నెండుకు విడిగది లోపల తడి దుప్పటి చుట్టారు. రెండు గంటలు ఉంచమని చెప్పి డాక్టరుగారు సాత్తూరుకు ఒక కేసుకు వెళ్లారు. మొదటి గంట వేరే నర్సు కూర్చుంది. ఒంటిగంటకు నేను వెళ్లాను. నిద్రపట్టింది, లేపకు అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. చార్టులో ఆమె రాసిన ఆఖరి లెక్క తొంభైరెండు.

అక్క మొహం గోడవైపుకు తిరిగి ఉంది. నేను కణత మీద రెండు వేళ్లు ఆనించి లెక్కపెట్టాను. ఎనభైఎనిమిది. రాశాను. తరువాత ఎనభైనాలుగు. నిద్రలో అలా తగ్గడం మామూలే.

రెండు గంటలయింది, డాక్టరు రాలేదు. గదిలో మేమిద్దరమే. తలుపు ఓరగా వేసి ఉంది. రెండు నెలల్లో మొదటిసారి అంత ఏకాంతం దొరికింది నాకు. వంగి అక్క చెవి దగ్గర చెప్పాను.

"అక్కా, నేను సిన్నీని."

కణత మీద వేళ్లు అలాగే ఉంచాను. తరువాత గోడవైపునుంచి మెల్లగా వినిపించింది.

"అరవం అయిపోయిందా నీకు?"

అచ్చం మా అక్క వెటకారమే. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నియమం గురించి చెప్పాను, భయపడ్డానని చెప్పాను, తప్పయిపోయిందని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. బిడ్డ పాలు తాగుతోందా అని అక్క అడిగింది. ఈసారి నా బిడ్డ అంది. మేకపాలు పోస్తున్నారు, బాగుంది అన్నాను. ఇంటికి పోదామా అంది. పోదాం, నేనే తీసుకుపోతాను అన్నాను. మళ్లీ తనే మాట్లాడింది.

"సలిగా ఉంది సిన్నీ. దుప్పటి ఇప్పు."

"డాక్టరు వస్తాడక్కా. ఇంకొంచెంసేపు."

సరే అంది. నేను వేళ్లు తీయలేదు. పావుగంటకొకసారి రాస్తూనే ఉన్నాను. ఆఖరిది డెబ్బైరెండు.

నాలుగు గంటలకు డాక్టరుగారు వచ్చారు. కంబళి తీసి, మొహం ఇటు తిప్పబోయారు. మెడ తిరగలేదు. దవడ బిగిసిపోయి ఉంది. ఆయన నన్ను చూసి, ఎంతసేపయింది అని అడిగారు. దేనికి అన్నాను. ఈమె పోయి మూడు గంటలకు తక్కువ కాదు, నువ్వు కూర్చున్నప్పటికే అయిపోయినట్టుంది అన్నారు.

చార్టు చూపించాను. డాక్టరుగారు మంచివారు, అరవలేదు. వేళ్లు గట్టిగా నొక్కితే మన నాడే మన వేలికి తగులుతుంది, కొత్తవాళ్లకు ఇది జరుగుతుంది, నువ్వు నీ నాడినే రాసుకున్నావు అన్నారు. నేను కొత్తదాన్ని కాదు. పైగా ఆ మధ్యాహ్నం నా గుండె దడదడమంటోంది. నా నాడి డెబ్బైరెండు ఎలా అవుతుంది?

మాటల సంగతి నేను చెప్పలేదు. చెప్పింది ఆయా ముత్తమ్మాళ్. వరండా తుడుస్తూ రెండుంపావుకు తలుపు పక్కనుంచి వెళ్లిందట. తెలుగు ముక్క రాదు ఆమెకు. ఇద్దరు ఆడవాళ్లు మార్చి మార్చి మాట్లాడుకుంటున్నారు, ఆ మూగపిల్ల నోరు తెరిచింది అని పరుగున పోయి మేట్రన్‌కు చెప్పింది. మేట్రన్ సంతోషపడి వెంటనే వార్డు పుస్తకంలో ఎక్కించింది. గురువమ్మాళ్ ఈరోజు మాట్లాడింది, టైము రెండుంపావు. ఆ వాక్యం నేను నా కళ్లతో చదివాను.

ఆ సాయంత్రమే, పోయింది మా అక్కేనని మేట్రన్ దగ్గర ఒప్పుకున్నాను. ఆమె నన్ను తీసెయ్యలేదు, కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఉద్యోగం కోసం నోరు కట్టేసుకున్నదాన్ని, ఉద్యోగం నిలిచాక దాని మొహం చూడబుద్ధి కాలేదు. అయినా ఇంకో ముప్పై ఏళ్లు చేశాను. కొత్త రోగి వస్తే ముందు పేరు కాదు, మీ ఇంట్లో ఏ మాట మాట్లాడతారు అని అడిగేదాన్ని. తెలుగో, అరవమో, నేతవాళ్ల సౌరాష్ట్రమో, వచ్చినంతలో ఆ మాటే మాట్లాడేదాన్ని. కొత్త నర్సులు చాదస్తమనేవారు.

డాక్టరు చెప్పిందే నిజమైతే, నన్ను పరాయిదాన్నని అనుకుంటూనే అక్క పోయింది. నేను కార్చిన కన్నీళ్లూ, చెప్పుకున్న తప్పులూ ఒక శవానికి చెప్పుకున్నాను. నేను విన్నదే నిజమైతే, చలిగా ఉంది విప్పమని అడిగిన అక్కకు నియమం చెప్పి కూర్చున్నాను. ఏది జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. అప్పటికే పోయిన మనిషి ఎలా మాట్లాడుతుందో చెప్పే చదువు నేను చదవలేదు.

కానీ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే రెండోదే ఎంచుకుంటాను. విప్పని పాపం నాది, మోస్తాను. అక్క నాతో మాట్లాడి పోయింది, నాకది చాలు.