అద్దంలో డ్రైవరు

మేం శిఖరం మీది సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. మంచు కురుస్తోంది. వీపున సామాను, భుజాన తుపాకీ, చేతిలో కిరోసిన్ డబ్బా. పైన రాతిగోడల బంకరు, ఒక కిరోసిన్ పొయ్యి, ఆగని గాలి. ఆర్డరు ఒక్కటే: మంచు కరిగి దారి తెరుచుకునేదాకా శిఖరం వదలకూడదు. మీరు సినిమాల్లో చూసే యుద్ధం అక్కడ లేదు. చలికి తట్టుకుని నిలబడటమే పని.

వంటవాడిది మా తిరుపతి వైపు సత్యవేడు. మనవైపు మాట వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అతని పెన్‌డ్రైవ్‌లో ఒకే సినిమా ఉండేది, దాన్నే వైర్‌లెస్ ఆపరేటరు ల్యాప్‌టాప్‌లో మళ్లీ మళ్లీ చూసేవాళ్లం. మన కొండల్లో తీసిన పాత క్రైమ్ సినిమా, కార్లలో నాటుసారా దాటించే ముఠా కథ. పాటలు, ఫైట్లు వస్తే రొట్టెలు చేసుకునేవాడు. ఘాట్‌రోడ్డు మీద పోలీసులు తరిమే సీను రాగానే చేతులు తుడుచుకుని ముందు కూర్చునేవాడు. కారు లోయలో పడే ముందు ఆపేసేవాడు. నాకు ఒళ్లు మండేది.

"ఏమప్పా, మమ్మల్ని కడదాకా సూడనీవా?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"ఆ కారు తోలేది హీరో కాదన్నా, మా నాయన," అన్నాడు. "హీరోకు మలుపులంటే బయం. మా నాయన నిజంగానే తమిళనాడుకు సారా తోలేటోడు. అందుకని డూపుగా పెట్టుకున్నారంట. ఆ యేడే సారా జీపుతో లోయలో పడినాడు. అప్పుడు నేను మాయమ్మ కడుపులో ఉండా. ఒక్క ఫోటో లేదు. దీంట్లో ఈపు కనపడతాది, అంతే. మొగం యాడన్నా దొరుకుతాదేమోనని సూస్తా ఉండా."



మంచు తుఫానుకు గస్తీ ఆగిపోయిన ఒక పగలు, కేరళకు చెందిన వైర్‌లెస్ ఆపరేటరు వంటవాడు అడిగాడని తన ల్యాప్‌టాప్‌లో ఆ సీనును నెమ్మదిగా తిప్పాడు. బ్యాటరీ అయిపోవస్తోంది. వెనక సీటు నుంచి తీసిన ఒక షాటు దగ్గర ఆపాడు. కారు లోపలి అద్దం, అందులో ఒక ముఖం.

"ఇది నువ్వే కదా?" అన్నాడు హిందీలో, వంటవాడి వైపు తిరిగి. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

అందరం వంగి చూశాం. అవే కళ్లు, అదే ముక్కు. వంటవాడు తెరకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"నాకన్నా సిన్నోడన్నా," అన్నాడు చివరికి. "పిల్లోడు."

ఏడ్చాడు. మేమెవరమూ ఆపలేదు.

నా డ్యూటీ అతనికంటే ముందు ముగిసింది. ఆ బొమ్మ నా ఫోన్లోకి ఎక్కించి, అమ్మకు చూపించమని చేతులు పట్టుకున్నాడు. తిరుపతిలో రైలు దిగి, ఇంటికి పోకుండా సత్యవేడు బస్సెక్కాను.

ఆమె వాకిట్లో వేరుశనగ కాయలు ఒలుస్తోంది. సంగతి చెప్పాను.

"ఆ సినిమాకు నేను పోలేదు నాయనా," అంది. "కారు పడతానే జనం సప్పట్లు కొడతా ఉండ్రంట."

ఫోన్ చేతికిచ్చాను. సర్వీసులో చావులు చూశాను. అవి మెల్లగా మరుపున పడుతున్నాయి. ఇది మాత్రం పడదు. ఆమె తెరను ఒక్కసారి చూసి, "రవ్వంత పట్టుకో" అని ఫోన్ నాకిచ్చేసింది. రెండు చేతులతో జుట్టు సవరించుకుంది. చెంగు లాగి నెరిసిన తలంతా కప్పుకుంది. అప్పుడు మళ్లీ చెయ్యి చాపింది.