మూడు వరల మట్టి

బస్సు డిపో క్యాంటీన్ వెనక గుమ్మం దగ్గర ఒక పీట, దాని ముందు ఒక చెక్క పలక, పలక మీద ఒక కత్తి. ఇరవై రెండేళ్ళుగా ఆ పీట మీద కూర్చునేది ఒకే మనిషి. మొదటి బస్సు గేటు దాటే వేళకి రెండు బస్తాల ఉల్లిపాయలు, ఒక బస్తా బంగాళాదుంపలు, గంప నిండా క్యారెట్లు ఆయన చేతుల మీదుగా ముక్కలైపోయి ఉంటాయి. ఎదురుగా వంటింటి దీపం, వెనకాల తెల్లారీ తెల్లారని ఆకాశం. ఆ రెండు వెలుగుల మధ్యా వంగిన వీపు ఒకటి.

ఆయన అసలు పేరు హాజరు పట్టీ రాసే గుమాస్తాకి తప్ప డిపోలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన తొక్కల బాబాయి. కూరగాయలు కోసేవాడికి న్యాయంగా ముక్కల బాబాయి అని పేరు రావాలి. కానీ ముక్కల గురించి ఆయనకి బెంగ లేదు. అవి గిన్నెలోకి వెళ్తాయి, ఆకలిగా ఉన్నవాళ్ళ నోట్లోకి వెళ్తాయి. ఎటూ దారి లేనివి తొక్కలే.

తొమ్మిదేళ్ళ కిందటి వరకూ ఆ తొక్కల్ని గ్యారేజీ వెనక పోగేసి తగలబెట్టేవాళ్ళు. చెత్త లారీ తడి చెత్త ఎక్కించుకోనని మొండికేసేది. అందుకని నూనె గుడ్డలు, టైరు ముక్కలు, క్యాబేజీ ఆకులు, అన్నిటికీ ఒకటే మంట. తడి ఆకులు కాలేవి కావు, చావలేక పొగై రోజంతా నేల మీద పాకేవి. ఆ పొగ కిటికీలోంచి వచ్చి అన్నం మీద కూర్చునేది. ఒకరోజు ఒక డ్రైవరు ముద్ద నోట్లో పెట్టుకుని, ఈరోజు టైరు కూరా బాబాయ్ అన్నాడు. క్యాంటీనంతా నవ్వింది. బాబాయి మాత్రం చేతిలో ఉన్న క్యారెట్టు వంక చూస్తూ ఉండిపోయాడు. అంత ఎర్రటి దాన్ని, అంత శుభ్రంగా కడిగి కోసినదాన్ని, దాని తొక్కే పొగై వచ్చి పాడు చేస్తోందన్న సంగతి ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాటి నుంచి ఆయన తొక్కల్ని మంటకి ఇవ్వలేదు. ఎక్కడో పనిలో మిగిలిపోయిన మూడు సిమెంటు వరలు, బావుల్లో దింపే గుండ్రటి వరలు, అడిగి దొర్లించుకొచ్చి ప్రహరీ గోడ వెంట నిలబెట్టాడు. తొక్కల మీద ఎండుటాకులు, ఆకుల మీద మళ్ళీ తొక్కలు, పైన తడి గోనెపట్టా. కాలవ గట్టున తవ్వి ఒక డబ్బాడు వానపాములు తెచ్చి వదిలాడు. ఒక వర నిండుతుంటే ఒకటి మగ్గేది, ఒకటి మట్టయ్యేది. నాలుగు నెలల తర్వాత గోనె ఎత్తితే ఉల్లిపొర లేదు, దుంప తొక్క లేదు. నల్లగా, పొడిపొడిగా, నిద్రపోయే పిల్లవాడి అరచేయంత మెత్తగా మట్టి. మెకానిక్కులు డబ్బాల్లో నింపుకుని ఇళ్ళకి పట్టుకెళ్ళేవాళ్ళు. గోడ మీద గుమ్మడి తీగ, తనకి బస్సుల మోత అలవాటైపోయినట్టు, తీరిగ్గా పాకేది.

ఆ వరలకి ఆయన ఇచ్చే ఇంకో తిండి అన్నం వార్చిన గంజి. పొద్దున వార్చిన గంజిని బకెట్లో పోసి, మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా చల్లారనిచ్చి, పసిపిల్ల స్నానానికి నీళ్ళు చూసినట్టు మోచేయి ముంచి చూసి, అప్పుడు నీళ్ళు కలిపి చల్లేవాడు. వంట మేస్త్రి రోజూ అనేవాడు, పాములకి జ్వరమొస్తుందని భయమా అని. బాబాయి రోజూ అవుననేవాడు.

ఇప్పుడాయనకి యాభై తొమ్మిది. మోకాలు మాట వినడం మానేసింది. పొద్దున కత్తి పట్టుకుంటే వేళ్ళు ముడుచుకుని, మళ్ళీ విప్పాలంటే రెండో చెయ్యి సాయం రావాలి. ఈ నెలాఖరుతో పని అయిపోతుంది. అందుకాయనకి దిగులేమీ లేదు, ఇక పడుకోవచ్చునన్న ఆశే ఉంది. దిగులంతా వరల గురించే.

డిపో మేనేజరు చెడ్డవాడు కాదు. పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాడు. "మీరున్నంత కాలం నేనేమీ అనలేదు. మీ తర్వాత వీటికి నాదే పూచీ అని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. లేకపోతే ఆఖరి రోజున లారీకి ఎత్తించేస్తాను. చూసే మనిషి లేకపోతే వారంలో కుళ్ళి ఎలుకలొస్తాయి, మీకే తెలుసు."

తెలుసు. బాబాయికి బాధ కలిగించింది అదే. అవతలి మాటలో తప్పు దొరికితే పోట్లాడవచ్చు, ఇందులో దొరకలేదు. తన తర్వాత పీట మీద కూర్చోవడానికి క్యాంటీన్ గుత్తేదారు వారానికో మనిషిని పంపుతాడట. వంట మేస్త్రిని అడిగితే, నా పెళ్ళాం చెప్పిన పనే చెయ్యలేకపోతున్నాను, పాములకి కాపలా ఎక్కడ కాయను అన్నాడు. మెకానిక్కులు మట్టి కావాలన్నారు, సంతకం వద్దన్నారు. అడిగి అడిగి ఆయనకి నోరు నొప్పి పుట్టింది. ఒక్క మనిషిని మాత్రం అడగలేదు.

ఆ మనిషి బస్సులు ఊడ్చే ఆవిడ. డిపో అంతటికీ వదిన. ఆవిడ ఆయన్ని బాబాయి అనేది, ఆయన ఆవిడని వదిన అనేవాడు, ఈ చుట్టరికం ఎటు తిప్పినా తేలదని మెకానిక్కులు నవ్వుకునేవాళ్ళు. రోజుకి నలభై బస్సులు. సీట్ల కింద అరటి తొక్కలు, నారింజ తొక్కలు, వేరుశెనగ పొట్టు, వాటితోపాటు టిక్కెట్లు, బిస్కెట్ల కాగితాలు, ప్లాస్టిక్ మూతలు. ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక సంచి నిండా ఆ తొక్కలు మోసుకొచ్చి, ఇవి కూడా వేసుకో బాబాయ్ అంది. బాబాయి నలుగురి ముందూ సంచి బోర్లించాడు. అందులోంచి ఏరి ఏరి టిక్కెట్లు, కాగితాలు పక్కన పేర్చి, ఇది పెంటకుప్ప అనుకున్నావా అన్నాడు. ఆవిడ అంతా మళ్ళీ సంచిలోకి ఎత్తుకుని వెళ్ళిపోయింది. తర్వాత పలకరింపులు ఆగలేదు గానీ, సంచి మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులుందనగా వంటింట్లో ఇద్దరు పనికి రాలేదు. కొయ్యడంతోపాటు గిన్నెలు దించడం, అన్నం వార్చడం కూడా బాబాయి మీదే పడ్డాయి. పదకొండు గంటలకి కళ్ళు వాటంతటవే మూసుకుపోతున్నాయి. గంజి బకెట్ చేతికి తగిలింది. చేతులకి తెలిసిన దారే కదా, కాళ్ళు గోడవైపు నడిచాయి. మధ్య వర గోనె తొలగించి, బకెట్ వంచాడు.

ఆవిరి లేచింది.

ఆవిరిని చూశాక కూడా, అది ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. బకెట్ కింద పెట్టి, వేళ్ళతో పైపొర కదిపాడు. ఒక్క వానపామూ కదలలేదు. అన్నీ పాలిపోయి, ఉడికిన సేమ్యాలా కలిసిపోయి ఉన్నాయి. తొమ్మిదేళ్ళ నుంచి మోచేయి ముంచి చూసినవాడు. బాబాయి అక్కడే, ఆ తడి నేల మీదే చతికిలబడ్డాడు. ఏడుపు రాలేదు. ఏడవడానికైనా కొంచెం ఓపిక ఉండాలి.

చీపురు భుజాన వేసుకుని అటుగా వచ్చిన వదిన ఆయన్ని చూసి ఆగింది.

"ఏంటి బాబాయ్, కింద కూర్చున్నావ్? మోకాలు పట్టేసిందా?"

"వేడి గంజి పోసేశాను."

ఆవిడ వరలోకి తొంగి చూసింది. ఆయన ఆవిడ నోటికి భయపడి తల దించుకున్నాడు. ఆరేళ్ళ బాకీ తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"లే," అంది వదిన. "నాతో రా."

చెయ్యి అందించి లేపింది. గ్యారేజీ దాటి, బస్సులు కడిగే చప్టా దాటి, తుక్కు కింద తీసిపారేసిన పాత బస్సు వెనక్కి తీసుకెళ్ళింది. ఆ బస్సుకి చక్రాలు లేవు, అద్దాలు లేవు, లోపల గడ్డి మొలిచింది. దాని వెనక, ఎవరూ రాని మూల, నాలుగు పెద్ద టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైన పాత సీటు పలక మూత. అలాంటి దొంతరలు అయిదు. వదిన ఒక మూత తీసింది.

నల్లటి మట్టి. వెలుగు తగలగానే లోపలికి దూరిపోతున్న ఎర్రటి వానపాములు.

"నువ్వు వద్దన్న సంచులు ఎటు పోయాయనుకున్నావ్?" అంది వదిన.

బాబాయి ఏమీ అనుకోలేదు. ఆరేళ్ళలో ఒక్కసారీ ఆ ప్రశ్న తనకి రాలేదు. చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి నలిపాడు. అలవాటు కొద్దీ వేళ్ళు టిక్కెట్ల కోసం వెతికాయి. ఆవిడ అది చూసింది.

"ఉండవులే. ఒక్కొక్కటీ ఏరాను. నారింజ తొక్కలు పచ్చివి వేస్తే నీ చుట్టాలకి పడవు, బస్సు టాపు మీద వారం ఎండబెట్టి వేస్తాను."

మొదటి పాములెక్కడివని అడిగాడు. నీ వరలోవే, నువ్వు అన్నం తింటుంటే గిన్నెడు ఎత్తుకొచ్చాను అంది, కొంచెం కూడా సిగ్గు లేకుండా. బాబాయికి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు కావడంతో దగ్గుగా మారింది.

"ఆరోజు అందరి ముందూ అలా అని ఉండకూడదు, వదినా."

"అవును, ఉండకూడదు," అంది ఆవిడ. ఆ మాటని అంతకంటే సాగదియ్యలేదు.

అప్పుడు అడిగాడు. సంతకం సంగతి, లారీ సంగతి అంతా చెప్పి, నువ్వైతే చూస్తావు అన్నాడు. ఆవిడ మూత సర్ది, దాని మీద కూర్చుని, చీపురు పుల్లలు సరిచేసుకుంది.

"పెట్టను బాబాయ్. సంతకం పెడితే ఇది నా డ్యూటీ అయిపోతుంది. వాసనొస్తే నన్ను పిలుస్తారు, ఎలుకొస్తే నన్ను నిలబెడతారు. నలభై బస్సులు ఊడ్చాక ఇక్కడికొచ్చి పది నిమిషాలు కూర్చుంటాను. ఈ డిపోలో ఎవరూ చెప్పకుండా నేను చేసే పని ఇదొక్కటే. దాన్ని కూడా కాగితం మీద రాసి ఇచ్చెయ్యమంటావా?"

ఇంకో రోజైతే బతిమాలేవాడేమో. ఆ రోజు ఆయనకి ఆ ఓపిక లేదు. ఆవిడ చెప్పినదాంట్లో కూడా తప్పు దొరకలేదు. సరేనని తలూపి, పీట దగ్గరికి వెళ్ళి, సాయంత్రానికి కావలసిన ఉల్లిపాయలు కొయ్యడం మొదలుపెట్టాడు.

మర్నాడు మేనేజరుకి చెప్పేశాడు, ఎవరూ లేరని. లారీని ఆఖరి రోజు మధ్యాహ్నానికి పిలిచారు.

ఆ సాయంత్రం పని ముగించుకుని వచ్చేసరికి వరల దగ్గర వదిన కనిపించింది. చేతిలో పార, పక్కన రెండు తట్టలు.

"సంతకం పెట్టనన్నాను గానీ మట్టి వద్దన్నానా?" అంది. "వరలు వాళ్ళవి. పట్టుకుపోనీ. లోపలున్నది ఎవరి లెక్కలోనూ లేదు."

ఏడు సాయంత్రాలు మోశారు. మట్టైనదాన్ని, మగ్గుతున్నదాన్ని, ఇంకా ఉల్లిపొరలుగానే ఉన్నదాన్ని వేరువేరుగా తట్టలకెత్తి, గ్యారేజీ వెనగ్గా, చప్టా పక్కగా, తుక్కు బస్సు వెనక్కి. కొత్తగా మరో మూడు దొంతరలు లేచాయి. చచ్చిన పాముల వరని కూడా వదల్లేదు, బతికున్నవాటికి అదీ తిండే అంది వదిన. బాబాయి తట్టకి సగమే నింపుకునేవాడు. అయినా నాలుగు అడుగులకోసారి ఆగి, బస్సుల పక్కన చెయ్యి ఆనించి ఊపిరి తీసుకునేవాడు. ఇలా ఎందుకు మోస్తున్నావని ఒళ్ళంతా ఆయన్ని అడిగేది. జవాబు వెతికే ఓపిక లేక ఆయన ఇంకో తట్ట మోసేవాడు. ఒక సాయంత్రం మేనేజరు ఎదురుపడ్డాడు. తట్ట వంక, ఆ తర్వాత తుక్కు బస్సు వంక చూసి, ఆ మూలకి నేనెప్పుడూ వెళ్ళలేదు అని చెప్పి, ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆఖరి రోజు లారీ వచ్చి మూడు ఖాళీ వరల్ని ఎత్తుకుపోయింది. గోడ వెంట మూడు గుండ్రటి తడి మచ్చలు మిగిలాయి. మొదలు తెగిన గుమ్మడి తీగ ఆ సంగతి ఇంకా తెలియక పచ్చగానే ఉంది.

బాబాయి బట్టల సంచి తీసుకుని తుక్కు బస్సు దగ్గరికి వెళ్ళాడు. అప్పుడప్పుడూ వచ్చి చూస్తానన్నాడు.

"రావద్దు," అంది వదిన. "నువ్వొస్తే నేను నీకోసం చెయ్యాల్సి వస్తుంది. ఇంట్లో పడుకో."

"ఈ బస్సుని కూడా తుక్కులో అమ్మేస్తే?"

"అప్పుడు వేరే మూల చూస్తాను. డిపోలో మూలలకేం తక్కువ? వెళ్ళు బాబాయ్, ఇంకా పదకొండు బస్సులున్నాయి నాకు."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఎండ ఉండగానే ఇంటికి బస్సెక్కాడు. కిటికీ పక్కన చోటు దొరికింది. పక్క సీటులో ఒక తల్లి నారింజ పండు ఒలుస్తూ, తొనలు కూతురికిస్తూ, తొక్కలు కాళ్ళ దగ్గర వదిలేస్తోంది. ఆయన వాటిని ఏరుకుందామని అలవాటుగా వంగాడు. సగం వంగాక మోకాలు కలుక్కుమంది. ఆ నొప్పిలో, అలా వంగి ఉండగానే, ఈ బస్సు సాయంత్రానికి ఎక్కడికి, ఎవరి చీపురు కిందికి చేరుతుందో గుర్తొచ్చింది.

తొక్కల మధ్య పడి ఉన్న బిస్కెట్ల కాగితం ఒక్కటే తీసి జేబులో పెట్టుకున్నాడు. దిగేవాళ్ళ కాళ్ళ కింద నలగకుండా తొక్కల్ని బొటనవేలితో సీటు కిందికి నెట్టాడు. కూతురు ఆయన వంక వింతగా చూసి, ఒక తొన ఇచ్చింది. పుల్లగా ఉంది. బాబాయి కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.