నాయనమ్మ పథ్యం, అక్క పాఠం

నా చిన్నప్పుడు, ఉగాదికి ముందు వచ్చిన మంగళవారం నాడు, సాయంత్రం ఆరున్నర గంటలకు మా నాయనమ్మ నా ముందుకు చెయ్యి చాపి, అందులో ఏముందో చెప్పమంది. నాకు ఆ చెయ్యే కనబడలేదు. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. మిగతా అందరికీ కనబడుతూనే ఉంది. టైము ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నావని అడిగితే, అప్పుడే మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ ముగిసింది, మా నాయన బస్సు డిపోలో డ్యూటీ దిగి సైకిల్‌ని గోడకు ఆనిస్తున్నాడు. మాకు ఆ రెండే గడియారం.

మేము శాలిబండలో ఒక వాడలో ఉండేవాళ్లం. మధ్యన ముంగిలి, అందులో బట్టలుతికే బండ, చుట్టూ నాలుగు కాపురాలు. నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. బడికి పంపలేదు. పంపాలని ఎవరికీ తట్టలేదు, నేనూ అడగలేదు. ఆ ముందటి దీపావళి దాటగానే నాకు తట్టు పోసింది. ఒళ్లంతా ఎర్రగా పేలి, జ్వరంతో మూసిన కన్ను తెరవలేదట.

మా ఇంట్లో తట్టు అంటే ఎందుకంత భయమో చెప్పాలి. నా కంటే ముందు మా అమ్మకు ఒక కొడుకు పుట్టాడు. వాడికీ తట్టు పోసింది. జ్వరం దిగినట్టు కనబడిన రోజున, పిల్లవాడు నీరసించాడని మా అమ్మ ఒక గుడ్డు ఉడకబెట్టి తినిపించింది. మళ్లీ జ్వరం వచ్చింది, ఊపిరి ఎగపోసింది, పిల్లవాడు దక్కలేదు. గుడ్డు పెట్టడం వల్లే పోయాడని మా నాయనమ్మ తేల్చేసింది. మా అమ్మ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికి ఆమెకు మాత్రం ఏం తెలుసు? ఆ తర్వాత ఇంట్లో పాలు విరిగినా, కుండ పగిలినా అది మా అమ్మ చేతి పాపమే అయ్యేది.

అందుకే నాకు తట్టు పోసినప్పుడు మా నాయనమ్మ అమ్మవారికి మొక్కుకుంది. పిల్లను నాకు ఉంచు తల్లీ, ఆషాఢంలో నీకు బోనం ఎత్తేదాకా దానికి పథ్యం తప్పనివ్వను అని. నేను బతికాను. పథ్యం మొదలైంది. మెత్తటి అన్నం, ఉప్పు, మిరియాల చారు. అంతే. ఆకుకూర లేదు, పాలు లేవు, గుడ్డు లేదు, మాంసం సరేసరి, తాళింపు వాసన కూడా నా వైపు రానిచ్చేది కాదు. మా అమ్మ చేతికి నా కంచం ఇవ్వకుండా తనే కలిపి, తనే ఊది, తనే నోట్లో పెట్టేది. నాకు అంత ప్రేమగా తినిపించిన మనిషి మళ్లీ పుట్టలేదు. ఆ ప్రేమే నా కళ్లను తినేస్తున్నదని ఆమెకు తెలియదు.

చలికాలం పోతూ పోతూ ఉండగా, పొద్దుగూకితే నాకు మసక కమ్మడం మొదలైంది. మొదట్లో దీపాలకు ఏదో అయిందనుకున్నాను. తర్వాత చూస్తే అందరూ మామూలుగానే తిరుగుతున్నారు, నేనొక్కదాన్నే బకెట్లకు తట్టుకుంటున్నాను. మురికినీళ్ల మోరీలో కాలు పెట్టి తిట్లు తిన్నాను. "దీని సోయి ఏడున్నదో" అని నవ్వేవాళ్లు. నేను గోడ పట్టుకుని నడవడం అలవాటు చేసుకున్నాను, సాయంత్రమైతే ఏదో ఒక వంకతో గడప దగ్గరే కూర్చునేదాన్ని. చెప్పలేదు. చెబితే మళ్లీ మా అమ్మ ఏదో తినిపించిందని అంటారు. ఆ పని నా నోటితో జరగకూడదని అనుకున్నాను. పిల్లల తెలివి అంతే ఉంటుంది.

పక్కింటి అక్కకు అప్పుడు పదిహేడేళ్లు. అంతకు ముందటి ఏడు పదో తరగతి తప్పింది, అదీ ఒక్క జీవశాస్త్రంలో. దర్జీ షాపు నుంచి తెచ్చిన జాకెట్లకు హుక్కులు కుడుతూ మళ్లీ పరీక్షకు చదివేది. ఆమెకు మనసులో చదవడం రాదు. ముంగిట్లో ఉతికే బండ చుట్టూ తిరుగుతూ, వాడంతా వినబడేటట్టు చదివేది. మా నాయన అనేవాడు, ఈ పిల్ల పాసైనా కాకున్నా మనమంతా పాసవుతామని.

ఆ మంగళవారం మధ్యాహ్నం నేను గడపలో బియ్యం ఏరుతున్నాను. అక్క బండ చుట్టూ తిరుగుతూ వల్లె వేస్తోంది. "విటమిన్ ఎ లోపించినచో మసక వెలుతురులో చూపు సరిగా ఆనదు. దీనిని రేచీకటి అందురు. నిర్లక్ష్యం చేసినచో కంటిచూపు పూర్తిగా పోవచ్చును."

నా చేతిలో చేట అట్లాగే ఆగింది. మనుషులెవ్వరికీ చెప్పని సంగతి పుస్తకంలోకి ఎట్లా వెళ్లింది? ఎవరో నన్ను చూసి రాసేశారు. అక్క బడిలో పిల్లలందరి చేతుల్లోనూ అదే పుస్తకం ఉంటుంది. అంటే ఊరంతా చదువుతున్నారు. లేచి వెళ్లి అక్క ఓణీ పట్టుకున్నాను.

"అక్కా, గది చెరిపెయ్యవా?"

"ఏది చెరపాలె?"

"నా గురించి రాసింది."

అక్క పకపకా నవ్వింది. నా మొహం చూసి నవ్వు మింగేసింది. బండ మీద కూర్చుని, నా గడ్డం పైకెత్తి, "పొద్దుగూకినంక నీకు కనబడ్తలేదా?" అని మెల్లగా అడిగింది. నాకు ఏడుపొచ్చింది. నాయినమ్మకు చెప్పొద్దు, అమ్మను తిడతది అని మాత్రం అనగలిగాను.

ఆమె ఒట్టు వేసింది. ఆ తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం పేజీలు తిప్పింది. ఊపిరితిత్తుల బొమ్మ చూపించి, ఇది మూలింటి తాత దగ్గు అంది. కీళ్ల బొమ్మ చూపించి, ఇవి మీ నాయినమ్మ మోకాళ్లు అంది. "గీ బుక్కు నువ్వు పుట్టకముందే అచ్చైంది పిల్లా. ఇండ్ల ఎవ్వరి పేరు రాయలే. కానీ అందరి సంగతి ఉన్నది." నల్లటి చీమల్లాంటి ఆ అక్షరాల్లో మా వాడ మొత్తం కూర్చుని ఉందని తెలిసి నాకు భయం తగ్గింది. ఎక్కడ దాక్కున్నా తెలిసిపోయే రోగమైతే, మందు కూడా ఎక్కడో తెలిసే ఉంటుంది కదా.

అక్క ఒట్టు తప్పలేదు. సాయంత్రం ఎండ గోడ దిగుతుండగా పుస్తకం తీసుకుని వచ్చి మా నాయనమ్మ ముందు చతికిలబడింది. నాయనమ్మ ముంగిట్లో అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తోంది. మా అమ్మ అక్కడే పొయ్యి ముందు ఉంది.

"అవ్వా, ఈ యేడు గూడ తప్పేటట్టున్న. ఎవరన్న ఎదురుంగ కూసోని వింటెనే నాకు యాదికుంటది. నువ్వు వినవా?"

"నేనేం వింటనే, ఏలిముద్ర దాన్ని."

"చదువు రానోళ్లకు సమజైతేనే నాకు వచ్చినట్టు."

నాయనమ్మకు మా చెడ్డ సంతోషమైంది గాని బయటపడలేదు. సరే కానియ్యి అంది. అక్క మొదలుపెట్టింది. "మొక్కల కణం అంటె మన వాడ అనుకో. చుట్టూత గోడ. నడిమిట్ల కేంద్రకం అని ఒక పెద్దమనిషి. అది చెప్పినట్టే అందరు నడవాలె."

"ఎవరు, కిరాయి వసూలు చేసే సేటా?"

"కాదు, నువ్వు."

మా అమ్మ పొయ్యి వైపు తిరిగి నవ్వుకోవడం నాకు వినబడింది. తర్వాత ఆకు సంగతి వచ్చింది. ఆకు ఎండనూ గాలినీ నీళ్లనూ కలిపి తన అన్నం తనే వండుకుంటుందని, కట్టెలు అక్కర్లేదని, పొగ రాదని అక్క చెప్పింది. "గసొంటి పొయ్యి ఉంటె నాకొకటి తేరాదే, కండ్లు మండి సస్తున్న" అంది నాయనమ్మ. గుండె పనికి సెలవు లేదంటే, మా కొడుక్కు గూడ డిపోల సెలవియ్యరంది. రక్తం, పేగులు, ఊపిరి, అన్నిటికీ ఆమె దగ్గర ఒక మాట ఉంది. అక్క నవ్వుతూ, నవ్విస్తూ, ఒక్కొక్క పాఠమే దాటుకుంటూ రోగాల దగ్గరికి వచ్చింది. అప్పుడు నా వైపు చూడలేదు. నాయనమ్మ వైపూ చూడలేదు. చూపు ఉతికే బండ మీద పెట్టింది.

"తట్టు పోసినంక పిల్లల ఒంట్ల సత్తువ పడిపోతది. కండ్లకు కావాల్సింది తగ్గుతది. అప్పుడు ఆకుకూర, పాలు, గుడ్డు, కార్జం పెట్టి నింపాలె. వట్టి చారన్నం పెడితె మొదాలు మునిమాపు కనబడది. తర్వాత మొత్తానికే కనబడది."

అడకత్తెర చప్పుడు ఆగిపోయింది.

"మల్లొక్కసారి చెప్పు" అంది నాయనమ్మ. అక్క మళ్లీ చెప్పింది.

"గది బుక్కులున్నదా, నువ్వు కలిపి చెప్తున్నవా?"

"కండ్ల సంగతి బుక్కులున్నది. తట్టు సంగతి మా టీచరమ్మ చెప్పింది."

నాయనమ్మ అడకత్తెర కింద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "తట్టు పిల్లలకు గుడ్డు పెడితె సావరా మరి?" అని అడిగింది. పొయ్యి దగ్గర ఊదుగొట్టం నిలిచిపోయింది. అక్క కూడా ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. కొంచెం తడబడి, "గుడ్డుతోని సావరవ్వా. ఊపిరితిత్తులకు జ్వరం ఎక్కితె పోతరు. అది ఎవ్వరు పెట్టినందుకు రాదు" అంది.

అప్పుడు నాయనమ్మ నన్ను పిలిచింది. నా ముందుకు చెయ్యి చాపి, ఇందులో ఏముందో చెప్పమంది. నేను వక్క అన్నాను, ఎందుకంటే వక్కే అయి ఉండాలి. తీసుకో అంది. నేను గాలిలో వెతికాను. నా చెయ్యి ఆమె మోకాలికి తగిలింది. ఆమె అరచేతిలో ఉన్నది బెల్లం ముక్క.

మా నాయనమ్మ ఏడ్చే మనిషి కాదు. నన్ను ఒళ్లోకి లాక్కుంది, అంతే. అప్పుడే లోపలికి వచ్చిన మా నాయనకు కాళ్లు కడుక్కోకముందే పని చెప్పింది, ఖసాయి దుకాణానికి పోయి మేక కార్జం తెమ్మని. నాయన బిత్తరపోయాడు. మంగళవారం అమ్మవారి రోజు. మా ఇంట్లో ఆ రోజు నీసు ముట్టడం నా ఎరుకలో లేదు.

"మంగళారం గదనే అమ్మా!"

"మంగళారం మల్ల వారం గూడ వస్తది. కండ్లు మల్ల రావు. పోతవా, నన్ను పొమ్మంటవా?"

నాయన పోయాడు. నాయనమ్మ లేచి, అమ్మవారి గుడి ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించి, పక్కవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడింది. "మొక్కుకున్నది నేను తల్లీ. పిల్ల గాదు. బోనాల దాక పత్తెం నేనుంట. దాన్ని ఇడిసిపెట్టు." అన్నట్టే ఉంది. ఆషాఢం దాకా ఆ ముసలి మనిషి చారన్నం తప్ప ముట్టలేదు.

కార్జం వేగింది. కంచంలో అన్నం పెట్టాక, రోజూ లాగే నాయనమ్మ చెయ్యి దాని మీదికి పోయి ఆగిందట. కంచాన్ని మా అమ్మ ముందుకు జరిపి, "బిడ్డా, నువ్వు పెట్టు" అంది. కోడలిని ఆమె బిడ్డా అనడం నేను వినడం అదే మొదలు. మా అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ముద్ద కలిపిందట. నాకు ఆమె మొహం కనబడలేదు. ఆమె వేళ్లు నా పెదవులకు తగిలాయి, ముద్ద నోట్లోకి వచ్చింది.

మర్నాడు అక్కే మమ్మల్ని సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ నోట్లో మందు పోశారు. మునగాకు, గుడ్డు, బొప్పాయి, ఏది దొరికితే అది తిన్నాను. కొన్నాళ్లకు ఒక సాయంత్రం మా నాయన సైకిల్ గేటులోకి రావడం కళ్లతో చూశాను. ఎగిరి గంతేశాను. అక్క ఆ ఏడు పాసయింది. గొప్ప మార్కులేం కాదు, అత్తెసరు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఎందుకు ఈ వయసులో అని నా పిల్లలు నవ్వారు. నవ్వనీ. మన ఒంటి సంగతి ఒకరు చదివి చెబితే తెలుసుకోవడం ఒకటి, మనమే వేలు పెట్టి చదువుకోవడం ఒకటి. ఇప్పుడు నా మనవరాలు పదో తరగతి జీవశాస్త్రం చదువుతుంటే ఎదురుగా కూర్చుని నేను వింటాను, తప్పు చదివితే పట్టుకుంటాను కూడా.

నాది పెడసరం నోరు. ఉన్నది ఉన్నట్టు మొహం మీదే అనేస్తాను, దానికి నాకు సిగ్గు లేదు. కానీ ప్రేమతో తప్పు చేస్తున్న మనిషి ఎదురైతే మాత్రం నా నోరు తనంతట తానే నెమ్మదిస్తుంది. నిజం మొత్తం చెబుతాను, ఒక్క ముక్క తగ్గించను. ఆ తప్పు తామే కనిపెట్టుకునేంత చోటు వాళ్లకు వదిలి చెబుతాను. ఈ పనిలో నేను ఎప్పుడూ అక్క అంత బాగా పాసవలేదు.

ఆ మంగళవారం సాయంత్రం మా ముంగిట్లో ఉన్నది మేమే: పాఠం ఒప్పజెప్పిన పక్కింటి అక్క, ఆ పాఠం విన్న మా నాయనమ్మ, కాళ్లు కడుక్కోకుండానే సైకిలెక్కిన మా నాయన, బెల్లం ముక్క చప్పరిస్తూ నేను, నాకు మొదటి ముద్ద పెట్టిన మా అమ్మ.