కోరుట్లలో ఎత్తు పెంచిన సీటు, సిరిసిల్ల బట్ట

ఈ ప్రయాణం సరదాకి మొదలు కాలేదు. పోయిన వారం నాగపూర్ నుంచి వస్తూ టీ కొట్టు ముందు బండి ఆపితే, నా కుడికాలు నేలకు ఆనిందో లేదో నాకే తెలియలేదు. నాది ఆరడుగుల మూడంగుళాల ఎత్తు. స్పోర్ట్ టూరింగ్ బండి మీద గంటల తరబడి మోకాళ్ళు ముడుచుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కక ఏం చేస్తాయి? బండి పక్కకు ఒరిగి, వెనక కూర్చున్న నా భార్య సుజాత మోచెయ్యి గీరుకుపోయింది. ఇంటికొచ్చాక ఒక్కటే మాట అంది: "మల్లొక్కపారి కాలు తిమ్మిరెక్కిందో, బండి అమ్ముడే. సోమారం కొనేటాయన చూడ అత్తడు." నాకు ప్రాణం పోయినంత పనైంది. అందుకే ఈ శనివారం పరీక్ష. జగిత్యాల నుంచి కోరుట్ల వెళ్ళి సీటు పని చేయించుకుని, అక్కణ్ణుంచి సిరిసిల్లలో ఆమె పుట్టింటికి వెళ్ళాలి.

ఉదయం ఎనిమిదికి బయలుదేరితే కోరుట్లకు ముప్పావు గంట. సీట్లు కుట్టే షాపులో పాత ఫోమ్ మీద రెండంగుళాలు పెంచమన్నాను. సీటు ఎత్తు పెరిగితే మోకాలు తెరుచుకుంటుంది కాని, హ్యాండిల్ అందక మణికట్ల మీద బరువు పడుతుంది. అందుకని హ్యాండిల్ ఎత్తు పెంచే దిమ్మెలు ముందే బిగించుకున్నాను. కూలీ, ఫోమ్ కలిపి పద్దెనిమిది వందలు, రెండు గంటల పని. తీరా రెక్సిన్ వేసే వేళకు సుజాత సంచిలోంచి నీలం పాలిస్టర్ బట్ట తీసింది. వాళ్ళ తమ్ముడు రమేష్ సిరిసిల్లలో తన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేయించి పంపిన బట్ట.

"గింత మంచి బట్ట సీటుకేందమ్మా? సారుకు అంగి కుట్టియ్యుండ్రి" అన్నాడు సీటు కుట్టే ఆయన.

"నేతోళ్ళ అల్లుడు రెక్సిన్ మీద కూసుంటడా?" అంది సుజాత. నాకూ ముచ్చటేసి ఆ బట్టే వేయించాను.

పదకొండున్నరకు కథలాపూర్ దారి పట్టాం. మోకాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. కాని మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు వేయగానే నేను ట్యాంకు మీదికి, సుజాత నా వీపు మీదికి జారాం. అక్కణ్ణుంచి బ్రేకు వేసిన ప్రతిసారీ తొడలతో ట్యాంకును బిగించి పట్టుకోవాల్సి వచ్చింది. రుద్రంగి దాటాక ఒక మలుపు తిరిగేసరికి వడ్ల ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. రెండు బ్రేకులూ నొక్కాను. ఇద్దరం ముందుకు జారుతూనే ఉన్నాం. ట్రాలీకి మూరెడు దూరంలో బండి ఆగింది. కాలు నేలకు ఆనింది, ఆనినట్టు తెలిసింది కూడా. కాని వణుకుతోంది.

"కాలు గట్ల వణుకుతున్నదేంది? తిమ్మిరెక్కిందా?"

"లేదు."

"నిజం చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బట్ట జారుతోందంటే ఆమె పుట్టింటిని అన్నట్టు, అనకపోతే తిమ్మిరే అనుకుంటుంది, సోమవారం బండి పోతుంది. మాట్లాడకుండా బండి తీశాను. వేములవాడ దాటేదాకా ఆమె నా నడుము గట్టిగా పట్టుకునే ఉంది.

ఒంటిగంటన్నరకు సిరిసిల్ల చేరాం. రమేష్ గల్లీ చివరిదాకా ఎదురొచ్చి సీటు తట్టాడు. "ఎట్లున్నది బావా మన బట్ట?"

సుజాత హెల్మెట్ తీసి వాడి చేతిలో పెట్టింది. "గంగల కలువనీ నీ బట్ట! సబ్బు మీద కూసున్నట్టే ఉన్నది. జరంతయితే ట్రాక్టరు కిందికి పోతుంటిమి తమ్మీ."

"మెరుపు సూసిన గని, జారుడు సూడలేదక్కా" అన్నాడు రమేష్, మొహం చిన్నబుచ్చుకుని.

ఆమె నావైపు తిరిగింది. "నీకు నోరు లేదా? జారుతున్నదని చెప్పరాదా?"

"మీ తమ్ముని బట్టాయె..."

"బట్ట కోసం పానం తీసుకుంటవా?" అంది. "కాలు మంచిగనే ఆనింది, నేను సూసిన. సోమారం అచ్చేటాయనకు రావద్దని చెప్పు" అని లోపలికి పోయింది.

అన్నం తిన్నాక ఆ బట్టను రమేష్ తన చేత్తోనే ఊడదీసి, దగ్గరి షాపులో గరుకు రెక్సిన్ వేయించాడు. తిరుగు దారిలో ఎక్కడా జారలేదు, కాలు తిమ్మిరెక్కలేదు. అయినా ఆ మలుపు గుర్తొస్తే సిగ్గేస్తుంది. వెనక ఆమె నా నడుము గట్టిగా పట్టుకుని భయపడుతుంటే, నేను ఆమె ఏమనుకుంటుందోనని నోరు మూసుకున్నాను. పొడవాటి వాళ్ళకు నా సలహా ఒక్కటే. సీటు ఎత్తు పెంచాక దూరం పోయే ముందు ఖాళీ రోడ్డు మీద బ్రేకు వేసి చూసుకోండి. వెనక కూర్చున్న మనిషిని ఎలా ఉందని అడగండి. మీకెలా ఉందో కూడా చెప్పండి.