మా ఇంట్లో రెండో మగ్గం

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు.

ముప్పై ఏళ్ళు టీచర్‌గా చేసిన మనిషి మా అమ్మ. రాంగ్ నంబర్ వచ్చినా పది నిమిషాలు మాట్లాడందే పెట్టదు. అలాంటిది నోరు మెదపకపోయేసరికి ఏదో జరిగిందని అర్థమైంది.

"అక్క పోయింది రా" అంది చివరికి.

మా పెద్దమ్మ, నాగరత్నమ్మ. ఎనభై ఎనిమిదేళ్ళు. మొన్నటికి మొన్న వీడియో కాల్‌లో నా చొక్కా చూసి, "ఇదేం బట్టప్పా, యాడ కొన్నావు?" అని ఎగతాళి చేసింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మన ఫ్యామిలీ గ్రూపులో ఉన్న పిల్లలందరికీ ఆవిడ నేసిన చీరలు తెలుసు. ఆ మగ్గం దగ్గర కూర్చోవడానికి ఆవిడ ఎంత పోట్లాడిందో తెలియదు. అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగైనా చదవండి.

యాభైల్లో మాట.

ఎమ్మిగనూరులో మా తాతది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని నెయ్యాలి. మా ఇంట్లో ఆడవాళ్ళు నూలు తోడతారు, కండెలు చుడతారు. గుంటలోకి మాత్రం దిగకూడదు. అదొక రూల్.

తాతకు ఇద్దరూ ఆడపిల్లలే. ఆ గుంటలో కూర్చుని కూర్చుని ఆయన మోకాళ్ళు పోయాయి. తన పెద్దకూతురైనా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చెయ్యాలని ఆయన పంతం. థర్డ్ ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, పాసవగానే ఆదోనిలో చుట్టాలింట్లో పెట్టి టీచర్ ట్రైనింగ్‌కు పంపాడు.

పెద్దమ్మకేమో నలుగురి ముందు నోరు పెగలదు. నల్లబల్ల దగ్గర నిలబెడితే ఒళ్ళంతా చెమటలు. ఆర్నెల్లు ఏడుస్తూనే గడిపింది.

సెలవులకు ఇంటికి వచ్చేసరికి తాతకు చలిజ్వరం. మగ్గం మీద చీర సగంలో ఉంది. నూలు ఇచ్చిన షావుకారు కబురు మీద కబురు పంపుతున్నాడు.

పెద్దమ్మ ఎవరినీ అడగలేదు. గుంటలోకి దిగి కూర్చుంది.

పక్క గదిలో తాత మంచం మీద మగ్గం చప్పుడు వింటూనే ఉన్నాడట. అరిచే ఓపిక లేక గోడవైపు తిరిగి పడుకున్నాడట. మూడు రోజులు ఆవిడ నేసింది. జ్వరం తగ్గాక లేచి మిగిలింది తాతే నేశాడు.

ఇక్కడే ఇద్దరూ కలిసి తప్పు చేశారు.

ఒక్కొక్కరి చేతిది ఒక్కో దెబ్బ. నేసేటప్పుడు అడ్డపోగును ఒకరు గట్టిగా కొడతారు, ఒకరు మెత్తగా. చీర మధ్యలో మనిషి మారితే అక్కడ నేత మారుతుంది. చీర తీసుకుని ఇద్దరూ పోతే, షావుకారు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

"ఏమప్పా, నడుమ చెయ్యి మారిందే! ఎవురు నేసినారు?"

తాత తల దించుకున్నాడు. వెనకాల నిలబడ్డ పెద్దమ్మ ముందుకొచ్చింది. ఆదోనిలో పిల్లల ముందు నోరు పెగలని మనిషి!

"నేనే నేసినా."

చీర తిరిగొచ్చింది. దారి పొడుగునా తాత తిట్లు. ఇంటికొచ్చాక, "ఇంగొకసారి గుంటలో కాలు పెడితే నేను మనిషిని కాను" అన్నాడు.

"ఆ సీరకు ఇద్దరం చెయ్యి పెట్టినాం గాబట్టి చెడింది నాయనా" అంది పెద్దమ్మ. "ఒక సీర మొదుల్నుంచీ కడదాకా నాకే ఇయ్యి. అది గూడా చెడితే నోరు మూసుకుని ఆదోనికి పోతా."

నాలుగు రోజులు ఆ పంతమే నడిచింది. మొండితనంలో తండ్రికి తగ్గ కూతురు. ఇద్దరిలో ఒక్కరు కూడా తగ్గే రకం కాదు.

ఐదో రోజు తాత మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కించాడు. భుజాన తువ్వాలు వేసుకున్నాడు. "ఉరుకుంద ఈరన్న సామికి మొక్కుండాది. వారం దాకా రాను" అని మా అవ్వకు చెప్పి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఉండి కూతురు గుంటలోకి దిగడం చూడలేకే అలా పోయాడని అమ్మ అంటుంది.

ఆ వారంలో పెద్దమ్మ చీర మొత్తం నేసింది. అమ్మే కండెలు చుట్టి ఇచ్చింది, వాగుతూనే.

తాత వచ్చి ఆ చీర తీసుకుని షావుకారు దగ్గరికి పోయాడు. ఆయన ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, మడత పెట్టి, ఇంకో చీరకు నూలు ఇచ్చాడు.

తెల్లారి చూస్తే తాత పార పట్టుకుని నడవలో నేల తవ్వుతున్నాడు. ఆ మోకాళ్ళతోనే.

పెద్దమ్మ బిత్తరపోయి, "ఏంది నాయనా ఇది?" అంది.

"నా గుంట నీకు లోతెక్కువ. నీ కాళ్ళు ఆనవు. నీ కాళ్ళకు తగినట్టు తవ్వతాండా" అన్నాడట తాత, తలెత్తకుండా.

అలా వచ్చింది మా ఇంటికి రెండో మగ్గం. ఆదోనిలో ట్రైనింగ్‌కు తర్వాత మా అమ్మ పోయింది. ఒకరికి శిక్ష అయిన చదువు ఇంకొకరికి ప్రాణం అయింది. అమ్మ రిటైర్ అయిన రోజు ఏడ్చింది. పెద్దమ్మ అసలు రిటైరే కాలేదు. చూపు మందగించేదాకా నేసింది.

"ఇన్నేళ్ళు అదే పని, విసుగు రాలేదా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఆదోనిలో ఆర్నెల్లు వచ్చింది గదప్పా, సాలదా?" అంది.

ఇప్పుడు నా సంగతి. సిగ్గుగానే ఉంది, అయినా అందరి ముందూ చెప్తున్నాను.

మా అమ్మాయి పశువుల డాక్టర్ అవుతానంటోంది. ఇంట్లో అందరం ఇంజనీర్లం, ఇదేం చదువని రెండు నెలలుగా దానితో సరిగ్గా మాట్లాడటం లేదు.

నిన్న సాయంత్రం పెద్దమ్మను సాగనంపి వచ్చి, స్నానం చేసి, దాన్ని పిలిచాను. ఏ కాలేజీ కావాలో నువ్వే చూసుకో, ఎంత దూరమైనా నేను వచ్చి చేర్పిస్తాను అన్నాను. ఎవరేమనుకున్నా ఈ మాట మారదు. పెద్దవాళ్ళు ఎవరూ ఫోన్ చేసి నచ్చజెప్పకండి.

అది నమ్మలేనట్టు నా మొహం చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

పోయిరా పెద్దమ్మా. ఒళ్ళు నొప్పులు, కంటి బాధలు అన్నీ ఇక్కడే వదిలేసి చల్లగా ఉండు.